బొబ్బరకి మందు కొడితే చచ్చేది తెల్లదోమే, వైరస్ కాదు

మా బాబాయి వాళ్లు ప్రత్తిపాడు వైపు పొలం కౌలుకి తీసుకుని మిరప వేస్తారు. మొన్న సీజన్లో తోటలో అక్కడక్కడా బొబ్బర తెగులు కనిపించింది, ఆకులు పైకి ముడుచుకుపోయి, చిన్నవైపోయి, మొక్కంతా గిడసబారిపోయింది. పురుగుమందుల కొట్టుకి పోతే రెండు డబ్బాలు చేతిలో పెట్టి "కొట్టండి, వారంలో తగ్గిద్ది" అన్నాడంట. కొట్టారు, తగ్గలా. మళ్లీ పోతే ఇంకో డబ్బా, అదీ కొట్టారు, అట్లా నాలుగు విడతలు పోశారు, బొబ్బర వచ్చిన మొక్క ఒక్కటి కూడా మళ్లీ తేరుకోలేదు. అదే నెలలో గుంటూరులో మా ఇంట్లో పిల్లాడికి జలుబు, జ్వరం వస్తే మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చి వేశాం, నాలుగు రోజులకి తగ్గింది, మందు బాగా పనిచేసింది అనుకున్నాం. అది వేసినా వేయకపోయినా తగ్గే జలుబే. అక్కడ పొలంలో, ఇక్కడ ఇంట్లో జరిగింది ఒకటే పొరపాటు అని నాకు గట్టిగా అనిపిస్తోంది, అందుకే ఇది రాస్తున్నా.

పొరపాటు మన మాటలోనే ఉంది. మనం అన్నిటినీ క్రిమి అనేస్తాం. క్రిమి అనగానే పురుగు బొమ్మ కళ్లముందుకొస్తది, పురుగు అంటే తింటది, పెరుగుద్ది, కాబట్టి విషం పెడితే చచ్చిద్ది. బ్యాక్టీరియా వరకు ఈ లెక్క చాలావరకు సరిపోతుంది, ఎందుకంటే బ్యాక్టీరియా ఒక పూర్తి కణం, దానికి సొంత గోడ ఉంది, ప్రొటీన్లు తయారుచేసుకునే సొంత మిషనరీ ఉంది, పెన్సిలిన్ లాంటివి ఆ గోడ కట్టుకోనివ్వవు, ఇంకొన్ని మందులు ఆ మిషనరీని ఆపేస్తాయి. వైరస్‌కి గోడా లేదు, మిషనరీ లేదు, ఆకలీ లేదు. లోపల డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ, అంటే దాన్ని మళ్లీ ఎట్లా తయారుచేయాలో చెప్పే రాత, దానిమీద ప్రొటీన్ తొడుగు, కొన్నిటికి ఆ పైన ఒక కొవ్వు పొర, అంతే. కణం బయట ఉన్నంతసేపు అది ఏ పనీ చేయదు.

విజయవాడ ప్రెస్సులు చూసినవాళ్లకి ఇట్లా చెప్తే తొందరగా అర్థమవుద్ది. రాత్రిపూట ఎవడో మీ ప్రెస్సులోకి దూరి వాడి కరపత్రం ప్లేటు మిషన్‌కి ఎక్కించి వెళ్లిపోయాడనుకోండి. కాగితం మీది, సిరా మీది, కరెంటు బిల్లు మీది, తెల్లారేసరికి వాడి కరపత్రాలు వేలల్లో పడి ఉంటాయి. ఆ ప్లేటుని చంపడం అనే మాటకి అర్థమే లేదు, అది బతికి ఉంటే కదా. మిషన్ ఆపుదామా అంటే అది మీ మిషనే, అంటే మన కణమే. వైరస్‌లకి మందు కనిపెట్టడం కష్టం అవడానికి ముఖ్యమైన కారణం ఇదే. హెచ్ఐవీకి, హెపటైటిస్ సీకి, హెర్పీస్‌కి మంచి మందులు వచ్చాయి, కాకపోతే అవి ఎక్కువగా ఆ ఒక్క వైరస్ సొంతంగా తెచ్చుకునే ఏదో ఒక ఎంజైమ్‌ని పట్టుకుని ఆపుతాయి, దీనికి పనిచేసేది చాలావరకు దానికి పనిచేయదు. అన్ని వైరస్‌లకీ ఒకే మందు అని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు.

ఇంకో సంగతి, ఈ వైరస్ అనేదాన్ని మనుషులు మొదట గుర్తుపట్టింది మన గుంటూరోళ్లకి బాగా తెలిసిన పంటలోనే, పొగాకులో. పొగాకు బోర్డు మన ఊళ్లోనే ఉంది గానీ ఈ కథ ఇక్కడ పిల్లలకి ఎవరూ చెప్పరు, అది నాకు నిజంగా బాధ. నెదర్లాండ్స్‌లో అడాల్ఫ్ మేయర్ అనే ఆయన పొగాకు ఆకుల మీద పచ్చ, లేతపచ్చ మచ్చలు పడే రోగాన్ని చూసి 1886లో దానికి మొజాయిక్ అని పేరు పెట్టాడు, రోగం ఉన్న ఆకు రసం మంచి మొక్కకి ఎక్కిస్తే దానికీ వస్తోందని చూపించాడు, బ్యాక్టీరియానే అనుకున్నాడు. 1892లో రష్యాలో ఇవనోవ్‌స్కీ ఆ రసాన్ని బ్యాక్టీరియా దూరలేని పింగాణీ ఫిల్టర్‌లో వడకట్టాడు, వడకట్టిన రసం కూడా రోగం తెప్పించింది, అయినా ఆయన బ్యాక్టీరియా అనే ఆలోచన వదల్లేదు. 1898లో బైయరింక్ మాత్రం ఇది బ్యాక్టీరియా కాదు, వేరే రకం, బతికున్న కణాల్లో మాత్రమే పెరుగుతోంది అని తేల్చి చెప్పాడు. ఆ తర్వాత 1935లో అమెరికాలో వెండెల్ స్టాన్లీ దాన్ని పటికబెల్లం పలుకుల్లాగా స్ఫటికాలుగా చేసేశాడు, ఆ పలుకుల్ని మళ్లీ నీళ్లలో కరిగించి ఆకు మీద రుద్దితే రోగం వచ్చింది. బతికున్న ఏ పురుగునీ అట్లా ఉప్పులాగా గడ్డకట్టించి సీసాలో పెట్టలేం కదా. ఆయన అది ఉత్త ప్రొటీన్ అనుకున్నాడు, మరుసటి ఏడాదే బాడెన్, పిరీ అనే ఇద్దరు లోపల ఆర్ఎన్ఏ కూడా ఉందని చూపించారు. 1946లో స్టాన్లీకి నోబెల్ వచ్చింది, అదీ కెమిస్ట్రీలో.

ఇప్పుడు మన బొబ్బర దగ్గరికి వద్దాం. దాన్ని రైతులు జెమిని వైరస్ అంటారు, జెమిని అంటే కవలలు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో రెండు గుండ్లు అతుక్కున్నట్టు కనిపిస్తాయి కాబట్టి ఆ పేరు. దాని డీఎన్ఏలో సుమారు 2,700 అక్షరాలే, మనిషి డీఎన్ఏ మొత్తంలో 300 కోట్లు. ఆ కాస్త రాతకే ఎకరాలకి ఎకరాలు పడుకుంటున్నాయి. పైగా చాలాచోట్ల దానితోపాటు శాటిలైట్ అనే ఇంకా చిన్న డీఎన్ఏ ముక్క తిరుగుద్ది, 1,350 అక్షరాల దాకా ఉంటది, సొంతంగా ఎక్కడికీ పోలేదు, వైరస్ తొడుగులోనే ఎక్కి పోతుంది, అది కూడా చేరితే ముడత ఇంకా ముదిరిపోద్ది. మనుషుల్లో హెపటైటిస్ డీ ఇట్లాంటిదే, హెపటైటిస్ బీ ఉంటేనే అది వ్యాపిస్తుంది, అందుకే బీ టీకా వేయించుకుంటే రెండూ ఆగిపోతాయి.

ఇంకా కిందకి పోతే తొడుగు కూడా లేనివి ఉన్నాయి. 1971లో థియొడర్ డైనర్ బంగాళదుంపలో వైరాయిడ్ అనేదాన్ని బయటపెట్టాడు, 359 అక్షరాల ఆర్ఎన్ఏ ఉంగరం, అందులో ఒక్క ప్రొటీన్‌కి కూడా రాత లేదు, వాట్సాప్‌లో పెట్టే ఓ మాదిరి మెసేజ్ అంత ఉంటది, దుంపని కదురులాగా సాగదీసేస్తుంది. చివరికి ప్రయాన్ ఉంది, దానికి రాతే లేదు, ఉత్త ప్రొటీన్. మన మెదడులో మామూలుగా ఉండే ప్రొటీనే తప్పుగా మడతపడితే, అది పక్కన ఉన్న మంచి ప్రొటీన్‌ని కూడా అట్లాగే మడతపెట్టేస్తుంది. స్టాన్లీ ప్రూసినర్ 1982లో ఈ మాట చెప్తే చాలామంది సైంటిస్టులు ఒప్పుకోలేదు, 1997లో నోబెల్ వచ్చింది. బ్రిటన్‌లో ఆవులకి వచ్చిన మ్యాడ్ కౌ రోగం ఇదే, పశువుల మాంసం, ఎముకల పొడి మళ్లీ పశువుల దాణాలోనే కలిపి పెట్టడం వల్ల పాకిపోయింది. మామూలుగా ఉడకబెట్టినా అది పోదు. ప్రొటీన్‌కి ప్రాణం ఎక్కడిది, చంపడానికి?

ఇవన్నీ తెలిస్తే రైతుకి ఏంటి లాభం అని అడగొచ్చు. చాలా ఉంది. బొబ్బర వైరస్‌ని మోసేది తెల్లదోమ. పురుగుమందు దోమని చంపుద్ది, మొక్క లోపల కణాల్లో అచ్చవుతున్న డీఎన్ఏని అది తాకను కూడా తాకదు. కాబట్టి డబ్బు పెట్టాల్సింది రోగం రాకముందు, నారుమడి దగ్గర: సన్న వల, చుట్టూ జొన్న గానీ మొక్కజొన్న గానీ వరసలు, పసుపు రంగు జిగురు అట్టలు, గట్ల మీద కలుపు లేకుండా చూడటం, తట్టుకునే రకం ఎంచుకోవడం. వచ్చిన మొక్కని జాలిపడకుండా మొదట్లోనే పీకి తగలబెట్టాలి, అది కాపు ఇవ్వకపోగా పక్క మొక్కలకి దోమ ద్వారా రోగాన్ని పంచుతూనే ఉంటది. మినుములో పల్లాకు తెగులు కూడా ఇదే లెక్క, అదీ తెల్లదోమ మోసుకొచ్చే వైరస్సే.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. తామర పురుగు రసం పీల్చినా ఆకు పైకే ముడుచుకుంటది, 2021 చివర్లో నల్ల తామర పురుగు మన మిరప తోటల్ని ఊడ్చేసినప్పుడు అందరూ చూశారు. అది నిజంగానే పురుగు, దాని లెక్క వేరు. ముడత కనిపించగానే ఏ ముడతో తేల్చుకోకుండా డబ్బా తెచ్చుకోవడం వల్లే నష్టం. తేల్చి చెప్పాల్సిన పని డబ్బా అమ్మేవాళ్ల చేతిలో ఉండకూడదని నా గట్టి అభిప్రాయం. మొక్క పీక్కెళితే చూసి ఇది పురుగు, ఇది వైరస్ అని చెప్పే మనిషి ప్రతి రైతు సేవా కేంద్రంలో సీజన్ అంతా కూర్చోవాలి, పక్కనే లాం ఫారం లాంటి వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్న జిల్లాలో ఇది పెద్ద కోరిక కాదు.

ఇంట్లో సంగతి కూడా అంతే. కరోనా మీద కొవ్వు పొర ఉంది కాబట్టి సబ్బుకి విడిపోయింది, వాంతులు విరోచనాలు తెప్పించే నోరోవైరస్‌కి ఆ పొర లేదు, శానిటైజర్ రాసుకుంటే చాలదు, నీళ్లు పోసి సబ్బుతో రుద్ది కడుక్కోవాల్సిందే. జలుబుకి యాంటీబయాటిక్ వేస్తే వైరస్‌కి ఏమీ కాదు, కడుపులో ఉన్న మంచి బ్యాక్టీరియా పోయి మందుకి లొంగనివి మిగులుతాయి, రేపు నిజంగా న్యుమోనియా వచ్చిన రోజున అదే మందు పనిచేయకపోవచ్చు.

బాబాయికి ఇదంతా ఫోన్లో చెప్తే కాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "అయితే ఆ నాలుగు విడతలూ దోమకే పోసామంట్రా" అన్నాడు. పోసింది దోమకే బాబాయ్, అదీ అది కుట్టిపోయిన తర్వాత. ఈసారి నారు పోసేటప్పుడు వల కొంటానన్నాడు, మీటరు ఎంత పడుద్దో కనుక్కోమన్నాడు.