అమ్మానాన్న గేటు బయట, వైద్యం లోపలా?

ఇంటర్ అడ్మిషన్లు మొదలైతే చాలు, కార్పొరేట్ కాలేజీల బ్రోషర్లలో ర్యాంకుల పక్కన ఇప్పుడు స్టూడెంట్ కౌన్సిలింగ్ అని కూడా వేస్తున్నారు. ఎందుకు వేస్తున్నారో అందరికీ తెలుసు, విశాఖలో నీట్ విద్యార్థిని మృతి కేసులో 2025 జులైలో సుప్రీంకోర్టు 100 మంది, ఆపైన పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో క్వాలిఫైడ్ కౌన్సిలర్ ఉండాల్సిందే అంది కాబట్టి. మంచిదే. కానీ తిండి మానేసి రోజురోజుకీ చిక్కిపోతున్న పిల్లని కూడా అదే రూములో కూర్చోబెట్టి అరగంట మాట్లాడి పంపేస్తే సరిపోద్ది అనుకుంటున్నారు చూడండి, మాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఇలా తిండి మానేసి చిక్కిపోయే జబ్బే అనొరెక్సియా, అది డైటింగ్ పిచ్చి కాదు. పీరియడ్స్ ఆగిపోతాయి, గుండె నెమ్మదిస్తుంది, ప్రాణం మీదకొస్తుంది. 2025 మార్చిలో కేరళలో 18 ఏళ్ళ అమ్మాయి ఇలా పోయిందని వార్తలొస్తే రెండ్రోజులు అయ్యో అనుకుని వదిలేశాం.

పోనీ టీనేజర్లకి ఏ థెరపీ పనిచేస్తుందో తెలీదా అంటే, తెలుసు. లండన్ మాడ్‌స్లీ హాస్పిటల్‌లో 1980ల్లో మొదలైన ఫ్యామిలీ బేస్డ్ ట్రీట్‌మెంట్ ఉంది. అందులో తప్పు మీదే అని అమ్మానాన్నని నిలదీయరు, పిల్లనీ తిట్టరు, జబ్బుని జబ్బుగా చూస్తారు, ముందు కొన్నాళ్ళు పిల్ల ఏం తినాలి ఎంత తినాలి అనేది పూర్తిగా పెద్దవాళ్ళే చూసుకుంటారు, బరువు పెరిగేకొద్దీ ఆ పెత్తనం మెల్లగా పిల్ల చేతికి తిరిగిచ్చేస్తారు. అమెరికాలో 121 మంది టీనేజర్ల మీద చేసిన ట్రయల్ 2010లో వచ్చింది. చికిత్స అయిన వెంటనే పెద్ద తేడా తేలలేదు గానీ ఏడాది తర్వాత చూస్తే ఈ పద్ధతిలో 49 శాతం మంది పూర్తిగా కోలుకున్నారు, పిల్లతో విడిగా మాట్లాడే థెరపీలో 23 శాతమే. తినేసి వాంతి చేసుకునే బులీమియాలో సీబీటీతో (ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల థెరపీ) పోల్చినా చికిత్స ముగిసేసరికి కుటుంబ పద్ధతిలో 39 శాతం, సీబీటీలో 20 శాతం కోలుకున్నారు (అక్కడ తర్వాత తేడా తగ్గింది, అదీ చెప్పుకోవాలి).

ఇంకోటి వినండి. మెల్‌బోర్న్‌లో థెరపిస్టు తల్లిదండ్రులతోనే కూర్చుని, పిల్లని ఓ నర్సు విడిగా కాసేపు చూసే పద్ధతి ట్రై చేశారు, అది మామూలు ఫ్యామిలీ థెరపీ కంటే కూడా మెరుగ్గా వచ్చింది, చికిత్స ముగిసేసరికి కోలుకున్నవాళ్ళు ఇందులో 43 శాతం, మామూలు దాంట్లో 22 శాతం. అంటే థెరపీ గదిలో పిల్ల లేకపోయినా నడిచింది. మరి మనం అమ్మానాన్నని గేటు బయట నిలబెట్టి వైద్యం చేస్తామంటున్నాం!

అన్ని ఇళ్ళూ ఒకేలా ఉండవు, కొందరికి ఇల్లే నరకం అంటారు. నిజమే, అలాంటివాళ్ళకి సీబీటీ, విడి థెరపీ ఇమ్మని బ్రిటన్ 2017 గైడ్‌లైన్సే చెప్పాయి. కానీ అది రెండో దారి, మొదట కుటుంబమే అని కూడా అవే చెప్పాయి. మన దగ్గర రెండోదే మొదటిదైపోయింది, ఎందుకంటే హాస్టల్‌కి అదే సులువు.

15 ఏళ్ళకే పిల్లని హాస్టల్లో వేసి, ఔటింగ్ రోజు తప్ప మొహం చూడనివ్వకుండా, మెస్‌లో ప్లేటు ముట్టిందో లేదో పట్టించుకునేవాళ్ళు లేకుండా చేసి, మళ్ళీ మా దగ్గర కౌన్సిలర్ ఉన్నారు అంటే ఎలా? రోజూ మూడు పూటలా పక్కన కూర్చుని తినిపించేది ఎవరు, వార్డెనా? కౌన్సిలర్ చేయగలిగింది జబ్బుని పసిగట్టి డాక్టర్ దగ్గరికి పంపడం, ఇంటికి ఫోన్ చేయడం. ఫోన్ చేస్తే మాత్రం, సిలబస్ పోద్ది, ఎగ్జామ్స్ అయ్యాక చూద్దాం అనే నాన్నలూ తక్కువేం లేరు, వాళ్ళకీ ఈ మాట తగలాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలూ, ఇంటర్ బోర్డులూ చేయాల్సింది పెద్దదేం కాదు. డాక్టర్ రాసిస్తే పిల్ల ఇంటికెళ్ళి కోలుకునేలా సెలవు, ఆ సెలవుకి అటెండెన్స్ మినహాయింపు, మధ్యలో వెళ్ళిపోతే మిగతా ఫీజు వాపసు. ఏడాది ఫీజు ముందే లాగేసుకుని, పిల్లని ఇంటికి పంపమంటే రూల్స్ ఒప్పుకోవు అనే యాజమాన్యాలు స్టూడెంట్ కౌన్సిలింగ్ అనే మాట బ్రోషర్లోంచి ముందు కొట్టేయండి.