సిరలో గొడుగు వేయిస్తే మందులు అక్కర్లేదా?

“సిస్టరమ్మా, మావాడికి ఈ గొడుగు వేయమని డాక్టరు గారికి చెప్పండి.” కాజ టోల్‌గేటు దగ్గర బండి జారి తొడ ఎముక విరిగిన కుర్రాడి మేనమామ, పోయిన వారం ఐసీయూ బయట ఫోన్ నా ముందు పెట్టి అడిగాడు. విజయవాడ, గుంటూరు వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజే అది. యాక్సిడెంట్ అయితే చాలు, పొట్టలోని పెద్ద సిరలో ఫిల్టర్, అంటే రక్తం గడ్డను పట్టి ఆపే గొడుగు ఆకారపు తీగల వల, వేయించమంటుంది. వేస్తే రక్తం గడ్డ ఊపిరితిత్తులకు చేరదట, రక్తం పలచన చేసే మందులు అక్కర్లేదట, ప్రాణానికి ఢోకా లేదట, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చట. సూర్యారావుపేటలో పద్దెనిమిదేళ్లుగా నర్సు పని చేస్తున్నాను. దీన్ని నమ్మి ఎవరైనా మందు మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఒక్కో మాటకూ జవాబు రాస్తున్నాను.

ముందు “అందరికీ వేయించాలి” అన్నది. కాలి సిరలో కట్టిన గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటే మనిషి నిమిషాల్లో పోవచ్చు, ఆ భయం నిజమే. కానీ ఈ ప్రశ్నకు ఆస్ట్రేలియా డాక్టర్లు పరీక్ష పెట్టి మరీ జవాబు వెతికారు. తీవ్రంగా గాయపడి, వెంటనే మందు ఇవ్వడానికి వీల్లేని 240 మందిలో సగం మందికి తొలి మూడు రోజుల్లోనే ఫిల్టర్ వేశారు. ఫలితం 2019లో వచ్చింది. తొంభై రోజుల్లో ఊపిరితిత్తుల్లో గడ్డ లక్షణాలు కనిపించినవాళ్లు, చనిపోయినవాళ్లు కలిపి ఫిల్టర్ ఉన్నవారిలో 13.9 శాతం, లేనివారిలో 14.4 శాతం. తేడా లేనట్టే. అయితే వారం దాటినా మందు మొదలుపెట్టలేని కొద్దిమందిని చూస్తే, ఫిల్టర్ వేసిన 46 మందిలో ఒక్కరికీ ఊపిరితిత్తులకు గడ్డ చేరలేదు, వేయని 34 మందిలో ఐదుగురికి చేరింది. ఫిల్టర్‌కు చోటు ఉన్నది ఇక్కడే: తలలో రక్తస్రావం లాంటి కారణంతో మందు ఇవ్వలేని రోజుల్లో. మన కుర్రాడికి తలలో ఏమీ లేదు. రక్తం పలచన చేసే మందు హెపారిన్ ఇంజెక్షన్లు పొట్ట మీద నడుస్తున్నాయి. అతనికి గొడుగెందుకు?

“మందులతో పనిలేదు” అన్న మాట మీదే నాకు ఎక్కువ కోపం. ఫిల్టర్ గడ్డను కరిగించదు, కొత్త గడ్డ కట్టకుండా ఆపదు. బందరు కాలువకు అడ్డంగా ఇనుప వల కట్టారనుకోండి. గుర్రపుడెక్క వల దాటదు, నిజమే, కానీ అక్కడే పేరుకుని వెనక నీళ్లు నిలిచిపోతాయి. సిరలోనూ అంతే. ఫ్రాన్స్‌లో కాలి సిరలో గడ్డలున్న 400 మందికి మందు ఇస్తూ, సగం మందికి తీయడానికి వీల్లేని ఫిల్టర్ వేసి చూశారు. 1998లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం మొదటి పన్నెండు రోజుల్లో ఊపిరితిత్తుల గడ్డలు 4.8 శాతం నుంచి 1.1 శాతానికి తగ్గాయి. రెండేళ్లు తిరిగేసరికి ఫిల్టర్ ఉన్నవారిలో 20.8 శాతం మందికి కాలిలో మళ్లీ గడ్డ కట్టింది, లేనివారిలో 11.6 శాతానికే. మందు వాడినవాళ్ల సంగతే ఇది.

తీయగలిగే ఫిల్టర్ అయితే మేలు కదా అంటారేమో. అదీ అక్కడే 399 మందిలో పరీక్షించారు. 2015లో తేలిందేమిటంటే, మూడు నెలల్లో మళ్లీ ఊపిరితిత్తులకు గడ్డ వెళ్లింది ఫిల్టర్ వేసినవారిలో ఆరుగురికి, మందు ఒక్కటే వాడినవారిలో ముగ్గురికి. మందు వాడగలిగినవాళ్లకు దానిమీద ఇది కూడా తగిలించి లాభం లేదు.

“ప్రాణానికి ఢోకా లేదు” అన్నదానికి ఒక్క మాట చాలు: 1998 నాటి రోగులను ఎనిమిదేళ్లు గమనించినా, బతికినవారి లెక్కలో రెండు గుంపులకూ తేడా రాలేదు.

ఇక “ఎప్పుడైనా తీయొచ్చు”. ఫిల్టర్ కొసన చిన్న కొక్కెం ఉంటుంది. మెడ సిరలోంచి ఉచ్చు పంపి దాన్ని పట్టి లాగుతారు. రోజులు గడిచేకొద్దీ ఫిల్టర్ తీగల మీద సిర లోపొర కమ్ముకుంటుంది, లాగడం కష్టమవుతుంది. మందులు, వైద్య పరికరాల మీద నిఘా ఉంచే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏకు ఈ ఫిల్టర్ల మీద 2005 నుంచి 2010 వరకు 921 ఫిర్యాదులు అందాయి. వాటిలో 328 చోటు కదిలినవి, 70 సిర గోడను పొడుచుకున్నవి, 56 విరిగినవి. గడ్డ భయం తీరినవారికి ఫిల్టర్ వేసిన 29 నుంచి 54 రోజుల మధ్యలోనే మేలుకంటే కీడు ఎక్కువవడం మొదలవుతుందని ఆ సంస్థే 2014లో లెక్క చెప్పింది.

కడుపునొప్పని స్కాన్‌కు వచ్చి, ఎప్పుడో వేసిన ఫిల్టర్ తనలో ఉందని అక్కడే తెలుసుకున్న పెద్దాయన్ని నేను చూశాను. డిశ్చార్జ్ కాగితంలో తీయాల్సిన తేదీ లేదు. మీవాళ్లకు నిజంగానే అవసరమై వేస్తే, మందు ఎప్పుడు మొదలుపెడతారో, ఫిల్టర్ ఏ తేదీన తీస్తారో వేసిన రోజే అడిగి ఆ కాగితం మీద రాయించుకోండి.