మూసారామ్ గారికి పోర్షన్ దొరుకుతుందా?

హైదరాబాదును అర్థం చేసుకోవాలంటే చార్మినార్ ఎక్కాలనీ, గోల్కొండలో చప్పట్లు కొట్టాలనీ చెప్పేవాళ్ల మాట నమ్మకండి. అద్దె ఇల్లు వెతకండి. నాలుగు ఆదివారాలు గేట్లకు వేలాడే టులెట్ బోర్డులు చదివాక, ఈ నగరం మీద సిద్ధాంత గ్రంథం రాయగల స్థాయికి వచ్చాను. డాక్టరేట్ ఇచ్చేవాళ్లు లేరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు బోర్డుల భాష నేర్చుకోవాలి. 'ఓన్లీ ఫ్యామిలీ' అంటే బ్యాచిలర్లు ఆ వీధిలో నడవడం కూడా తప్పే. 'స్మాల్ ఫ్యామిలీ' అంటే అమ్మానాన్నల్ని ఊళ్లోనే ఉంచమని. 'ఓన్లీ వెజ్' అనేది మాత్రం తిండికి సంబంధించిన మాట కాదు. నల్లకుంటలో ఓ గేటు ముందు నిలబడి, "మేం మాంసం తినమండీ" అని ఉన్న నిజమే చెప్పాను. ఓనర్ అంకుల్ ఏమాత్రం సంతోషించలేదు. "పుట్టుకతోనా, మధ్యలో మానేశారా?" అన్నారు.

కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డులో పద్ధతి వేరు. ఓనర్ ఆంటీ కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి మరీ అడిగారు.

"ఇంటిపేరేంటి బాబూ?"

చెప్పాను. ఖర్మకొద్దీ మా ఇంటిపేరు మూడు నాలుగు కులాల్లో ఉంది.

"అంటే... ఎటువైపు వాళ్లు?"

"ఖమ్మం వైపండీ."

"అది కాదు. సంబంధాలు ఎవరితో చేసుకుంటారు?"

"నాకు ఒక్కసారే అయిందండీ."

"మేం అలాంటివేం పట్టించుకోం, ఊరికే అడిగా" అంటూ ఆంటీ లేచి బోరు మోటారు స్విచ్ చూపించారు, మంజీరా నీళ్లు ఎప్పుడొస్తాయో చెప్పారు. ఆశ పుట్టింది. గేటు దాకా సాగనంపి, "మా తమ్ముడి కొడుకు కూడా వస్తానంటున్నాడు, చూసి ఫోన్ చేస్తాం" అన్నారు. ఈ తమ్ముడి కొడుకు ఆ తర్వాత నాకు మరో మూడు పేటల్లో తగిలాడు. ఈ నగరంలో ఖాళీగా ఉన్న ఇళ్లన్నీ అతనొక్కడి కోసమే ఆగి ఉన్నాయని నా పరిశోధనలో తేలిన ముఖ్యాంశం.

మా ఆఫీసు మిత్రుడి అనుభవం ఇంకా క్లుప్తం. ఫోన్ చేసినప్పుడు ఖాళీగా ఉండే ఇల్లు, అతను తన ముస్లిం పేరు చెప్పగానే నిండిపోయేది. చివరికి టోలీచౌకీలో చూసుకున్నాడు. అది తెలిసి మా అపార్ట్‌మెంట్ పెద్దలు బాధపడ్డారు. "చూశారా, వాళ్లంతా ఒక్కచోటే ఉంటారు, మనతో కలవరు" అని.

ఈ ఊరు పుట్టి నాలుగు వందల ఏళ్లు దాటింది. నిజాం కొలువులో చేరిన అరబ్బు సైనికుల బ్యారక్స్ ఇవాళ్టి బార్కస్. ఏసీ గార్డ్స్ అంటే ఎయిర్ కండిషనర్ల కాపలాదారులు కాదు, ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ ఉన్న చోటు. అప్పట్లో అందరూ కలిసిమెలిసి ఒకే చూరు కింద ఉన్నారని నేను అనను. ఎవరి వాడ వాళ్లదే. కాకపోతే వాడంటూ ఒకటి ఇచ్చారు.

అలా వచ్చినవాళ్లలోనే ఫ్రాన్సు దొర రేమాన్ ఒకడు. నిజాం అలీ ఖాన్ సైన్యాన్ని తీర్చిదిద్ది, 1798లో ఇక్కడే పోయాడు. సమాధి ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. ఆ పేరు నోరు తిరగక హిందువులు మూసా రామ్ అన్నారు, ముస్లింలు మూసా రహీమ్ అన్నారంటారు. మూసారాంబాగ్ ఆయన పేరు మీదే. ఆయన ఇప్పుడొచ్చి టులెట్ బోర్డు చూసి గేటు తడితే? 'మూసా' అనగానే నల్లకుంటలో ఇల్లు నిండిపోతుంది. 'రామ్' దాకా ఓపిగ్గా వినేది హౌసింగ్ బోర్డు ఆంటీ ఒక్కరే. విని, "రామ్ తర్వాత ఏంటి బాబూ?" అంటారు.

నాలుగో ఆదివారం సాయంత్రం మెట్రోలో దిల్‌సుఖ్‌నగర్ తిరిగి వస్తున్నాను. తర్వాతి స్టేషన్ మూసారాంబాగ్ అని చెబుతుండగా ఫోన్ మోగింది. ఆంటీ.

"బాబూ, మా తమ్ముడి కొడుకు రావట్లేదట. ఇంతకీ మీ ఆవిడ పుట్టింటి వాళ్ల ఇంటిపేరేంటి?"