వొకాబులరీ బిల్డింగ్ ఎన్ని అంతస్తులు?

మేం నల్లకుంటలో పై వాటాలో అద్దెకుంటాం. కింద ఓనర్ అంకుల్, ఆంటీ. బట్టలు ఆరేయడానికి పది నిమిషాలు చాలు. నాకు నలభై పడుతుందంటే అది వాళ్ల పుణ్యమే. మొన్న శనివారం అంకుల్ మనవరాలిని బడి నుంచి స్కూటర్ మీద తీసుకొచ్చి, హెల్మెట్ కూడా తీయకుండానే మొదలుపెట్టాడు.

అంకుల్: ఏమే, విన్నవా? బడిల ఇంకో బిల్డింగ్ లేపుతున్నరట.

ఆంటీ: లేపనీయుండ్రి. ముందు ఆ టోపీ తీయుండ్రి, గోలెంల తలకాయ పెట్టి మాట్లాడినట్టున్నది.

అంకుల్: ఏడో తరగతోళ్లకట. వొకాబులరీ బిల్డింగ్. ఫీవర్ హాస్పిటల్ సిగ్నల్ కాడ పిల్లే చెప్పింది. ఆ జాగ ఎంతుంటది? నాలుగు వందల గజాలు. ఇప్పటికే జీ ప్లస్ త్రీ ఉన్నది. సెట్‌బ్యాక్ ఏది, చుట్టూ ఇడిసే ఖాళీ జాగ? ఫైరింజన్ తిరుగుతదా?

ఆంటీ: వొకాబులరీ బిల్డింగ్ అంటే?

అంకుల్: అది గూడ తెల్వదా? లైబ్రరీ బిల్డింగ్ ఉంటది. లాబొరేటరీ బిల్డింగ్ ఉంటది. ఇది వొకాబులరీ బిల్డింగ్.

ఆంటీ కాసేపు మాట్లాడలేదు. ఆ కాసేపట్లోనే ఆవిడకు సంగతంతా అర్థమైపోయిందని నాకు పైనుంచే తెలిసింది. పోయిన వారం పేరెంట్స్ మీటింగ్‌కు వెళ్లొచ్చింది ఆవిడే మరి. ఒక్క ముక్క చెప్తే అక్కడితో అయిపోయేది. చెప్పలేదు. బల్దియాలో, అంటే మునిసిపాలిటీలో, టౌన్ ప్లానింగ్‌లో ముప్పై ఏళ్లు చేసి రిటైరైన మనిషి చేతికి చాలా రోజుల తర్వాత ఒక బిల్డింగ్ దొరికింది, లాక్కోవడం ఎందుకనుకుందో ఏమో.

ఆంటీ: ఎన్ని అంతస్తులట?

అంకుల్: అదే అడిగిన. రోజుకు ఐదట.

ఆంటీ: రోజుకు ఐదు అంతస్తులా!

అంకుల్: నేనూ అట్లనే అదిరిపడ్డ. వెనక బస్సోడు హారన్ కొడుతున్నడు, సరిగ వినపడలే. ఇటుకలేమో. రోజుకు ఐదే అంటే చూడు, ఎవ్వరికీ అనుమానం రాకుంట కడుతున్నరు.

ఆంటీ: పునాది గట్టిగుంటదా?

అంకుల్: అదే నా బాధ! రూట్స్ నుంచి మొదలుపెడుతరట. చెట్టు వేర్ల మీద కడుతరా ఎవలన్న? రేపు వేరు లావైతే గోడ పగులదా?

ఆంటీ: పగులుతది.

అంకుల్: ఇంకా విను. ఒక్కో ఇంటోళ్లు ఒక్కో గోడ ఇయ్యాలట. వార్డ్ వాల్ అట. బడోళ్ల బిల్డింగ్‌కు మన గోడ ఎందుకే? 2007ల బల్దియా జీహెచ్‌ఎంసీ అయినప్పుడు చుట్టుముట్టు పన్నెండు మునిసిపాలిటీలు వచ్చి కలిసినయ్. అప్పుడు గూడ వార్డుకో గోడ అని ఎవ్వడూ అడుగలే.

ఆంటీ: అన్యాయమే. కాయిదం పెట్టుండ్రి.

అంకుల్: పెడుత. పెన్ను తే. ఇగో, వొకాబులరీకి స్పెల్లింగ్ ఏంది?

ఆంటీ: కట్టెటోళ్లనే అడుగుండ్రి.

అప్పుడు బయటికొచ్చింది పిల్ల, నోట్లో సగం అరటిపండు పెట్టుకుని. "తాతా, వొకాబులరీ బిల్డింగ్ అంటే మనకొచ్చే మాటలు పెంచుకునుడు. వార్డ్ కాదు, వర్డ్ వాల్. వర్డ్ అంటే మాట. కొత్త మాటలు చీటీల మీద రాసి గోడకు అంటిస్తం. రోజుకు ఐదు." అని చెప్పి మిగతా అరటిపండుతో లోపలికి పోయింది.

ఇక కింద చప్పుడు లేదు. నేను తడి దుప్పటి పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అంకుల్: నీకు ముందే ఎరుకనా?

ఆంటీ: మీరు ఫైరింజన్ కాడికి పోయినంక ఎనుకకు తెచ్చుడు నాతోని గాలే.

అంకుల్: మరి రూట్స్?

ఆంటీ: మాటకు వేరు. స్పెక్ట్ అంటే లాటిన్‌ల చూసుడట. ఆ ఒక్క వేరు పట్టుకుంటే ఇన్‌స్పెక్ట్, సస్పెక్ట్, రెస్పెక్ట్ మూడూ వస్తయన్నది టీచరమ్మ. మీకు మొదటి రెండు వచ్చినయ్.

అంకుల్: మూడోది నేనెవలికి ఇయ్యలేదే?

ఆంటీ: ఇచ్చుడు గాదు, వచ్చుడు. ఇంకోటి పోర్ట్. అంటే మోసుడు. ఎక్స్‌పోర్ట్, ఇంపోర్ట్, ట్రాన్స్‌పోర్ట్, రిపోర్ట్.

అంకుల్: రిపోర్ట్‌ల మోసుడేమున్నది?

ఆంటీ: ఇప్పటిదాంక బడికాడికెళ్లి మోసుకొచ్చింది ఏందది మరి?

అంకుల్: అన్నీ లాటినోళ్లయేనా? ఇంగ్లీషుల మనది ఒక్క మాట గూడ లేదా?

ఆంటీ: ఉన్నది. బాండికూట్. మన పందికొక్కే ఆడికి పోయి బాండికూట్ అయింది.

అంకుల్: పోయి పోయి అదే దొరికిందా!

ఆంటీ: దానికేం తక్కువ? మన పెరట్ల పర్మిషన్ లేకుంట సెల్లార్ తవ్వుతున్నది. ఇన్నేండ్ల నౌకరీల దానికొక్కదానికే మీరు నోటీసియ్యలే.

అంకుల్ ఇక్కడ నవ్వాడు. నవ్వినట్టు తెలియకూడదని దగ్గాడు కూడా.

అంకుల్: సరే గని, పుస్తకంల రాసుకుంటే పోలే? గోడ ఖరాబు చేసుడెందుకు?

ఆంటీ: ఒక్కసారి చదివితే నిలువదట. 1885లనే జర్మనీల ఎబ్బింగ్‌హాస్ అని ఒకాయన, అర్థంలేని అక్షరాలు తనే బట్టీ పట్టి, ఎంతసేపట్ల ఎంత మరిచిపోతున్నడో లెక్కేసుకున్నడట. మొదట్లనే ఎక్కువ పోతదట. అందుకే రేపొకసారి, మూడు రోజులకొకసారి, వారంకొకసారి చూడాలె. గోడకుంటే పోతూ వస్తూ కండ్లబడుతది.

అంకుల్: అర్థంలేనియి బట్టీ పట్టుకుంట కూసుంటే ఇంట్లోళ్లు ఏమనలేదా ఆయన్ని?

ఆంటీ: మరిచిందన్న లెక్క రాసిండు ఆయన. మీరు లెక్క గూడ మరుస్తరు. పెరుగేది?

అంకుల్: ...బిల్డింగ్ లొల్లిల పడి...

ఆంటీ: కనపడుతనే ఉన్నది. కూసోండ్రి, ఎండలకెళ్లి వచ్చిన్రు. పొద్దటి మజ్జిగ ఉన్నది, తెస్త.

సాయంత్రం మోటర్ వేయమని చెప్పే వంకతో కిందికి దిగాను. హాల్లో అంకుల్ రిటైర్మెంట్ రోజు దండ వేసుకుని దిగిన ఫోటో ఎప్పుడూ ఉండే గోడ ఖాళీగా ఉంది. ఫోటో సోఫాలో కూర్చుని ఉంది. ఆయన పాత టేపు పట్టుకుని పెన్సిల్‌తో గీతలు కొడుతున్నాడు: పొడవు ఆరడుగులు, ఎత్తు నాలుగు, టీవీ పక్కన రెండు జానలు సెట్‌బ్యాక్. పాత క్యాలెండర్ వెనక వైపు కత్తిరించి చేసిన చీటీలు పిల్ల వరసగా అందిస్తోంది, ఎర్ర స్కెచ్‌తో రాసినవి. ఆంటీ అంటిస్తోంది.

అంకుల్: ఇన్‌స్పెక్ట్ ఉన్నది, సస్పెక్ట్ ఉన్నది. రెస్పెక్ట్ ఏడ పెట్టినవే?

ఆంటీ: పైన. మీకందదు.

ఆయన స్టూల్ లాగాడు.

ఆంటీ: ఎక్కకుండ్రి! పోయిన సంక్రాంతికి పడ్డది మరిచిన్రా? మూడు నెలలు కాలు రుద్దింది నేను. ఆగుండ్రి, నేనే దించి ఇస్త.