మనసులోని బాకీల చిట్టాకు బహిరంగ లేఖ

శ్రీయుత చిట్టా గారికి వందనాలు.

ఆరాధనకు అందరికంటే ముందు వచ్చేది మీరే. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అని సంఘమంతా ఒక్క గొంతుతో అంటుంటే కూడా మీ పేజీలు తిరుగుతూనే ఉంటాయి. కమిటీలో మన మాట ఎవరు కొట్టేశారు, ఆసుపత్రిలో పడుంటే ఎవరు తొంగిచూడలేదు, చూసినా ఎన్ని నిమిషాలున్నారు... అసలు ఒక్క మాట, దానిమీద చక్రవడ్డీ పదేళ్ళు. బాకీదారుకు మాత్రం ఒక్క నోటీసూ వెళ్ళదు.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలో యేసు చెప్పిన కథ మీకు గిట్టదని తెలుసు. అక్కడ రాజు తన దాసుడికి మాఫీ చేసిన అప్పు పదివేల తలాంతులు. తలాంతుకు సుమారు 6,000 దేనారాలు, దేనారం అంటే ఒక రోజు కూలి. మొత్తం 6 కోట్ల రోజుల కూలి! ఆ మాఫీ పొందినవాడు బయటికి రాగానే తోటి దాసుడి గొంతు పట్టుకున్నది నూరు దేనారాలకు. అయితే నూరు కూడా తక్కువేం కాదు, మూడు నెలల పైచిలుకు కష్టం. "పోనీలే, చిన్న విషయమేగా" అని సర్దిచెప్పే పెద్దమనుషుల వల్లే మీ వ్యాపారం సగం నడుస్తోంది. బాకీయే లేదంటే కొట్టేయడానికేముంది?

అందుకే మిమ్మల్ని మూసేయాలనుకున్నవాళ్ళు ముందు పద్దు పూర్తిగా రాస్తారు. ఎవరు, ఏం చేశారు, దానివల్ల పోయింది పేరా, డబ్బా, నమ్మకమా? "అందరినీ క్షమించాను ప్రభువా" అనే గంపగుత్త ప్రార్థనంటే మీకు ప్రాణం, ఎందుకంటే అందులో ఒక్క పద్దూ చెరగదు. అదే పద్దు పద్దునా దేవుని ముందు చదివి, "దీన్ని ఇక వసూలు చెయ్యను, మాటతో గానీ మౌనంతో గానీ" అంటే మీకు గుబులు.

వసూలుకు మీకున్న మంచి ఏజెంటు 'ప్రార్థన అంశం'. "ఆవిడ కోసం కాస్త ప్రార్థించండి, అసలేం జరిగిందంటే..." ఇక చూడాలి! "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు" వెళ్ళి మాట్లాడమని అదే అధ్యాయంలో యేసు చెప్పిన మెట్టు దాటేసి, నేరుగా పదిమంది చెవుల్లోకి. బైబిల్లోని హెబ్రీ పత్రిక (లేఖ) చేదైన వేరు 'అనేకులను' అపవిత్రపరుస్తుందన్నది ఊరికే కాదు.

మర్నాడు పళ్ళు తోముకుంటుంటే ఆ పాత మాట మళ్ళీ చెవిలో మోగుతుంది, దవడ బిగుసుకుంటుంది. వెంటనే మీరు: "చూశావా, నువ్వు క్షమించలేదు." గుర్తు రావడం వేరండీ, మళ్ళీ పద్దు రాసుకోవడం వేరు. వచ్చినప్పుడల్లా "అది చెల్లు" అనుకుని, ఆ మనిషి మేలు కోసం ఒక్క వాక్యం ప్రార్థిస్తే చాలు. ఎన్నిసార్లు క్షమించాలని అడిగిన శిష్యుడు పేతురుకు యేసు ఇచ్చిన జవాబు "డెబ్బది ఏళ్ల మారులు". డెబ్బై సంవత్సరాలని పొరబడకండి, ఏడులు డెబ్బై, అంటే 490.

"క్షమించావుగా, మరి తాళాలు మళ్ళీ చేతికివ్వు" అన్నదీ మీ ఎత్తే. బైబిల్లో యోసేపు తనను అమ్మేసిన అన్నల్ని చూసి చాటుకెళ్ళి ఏడ్చాడు, అయినా తమ్ముడు బెన్యామీను గోనెలో వెండి గిన్నె పెట్టించి పరీక్షించాడు. ఆ తమ్ముడికి బదులు తానుంటానని అన్నల్లో ఒకడైన యూదా ముందుకొచ్చాకే యోసేపు తానెవరో చెప్పాడు. బాకీ రద్దు ఒక్కరి పని, నమ్మకం ఇద్దరి పని. చెయ్యి చేసుకున్నవాణ్ణి క్షమించీ, దూరంగా ఉండొచ్చు, పోలీసులకు ఫిర్యాదూ ఇవ్వొచ్చు. అందులో మీకు కమీషనేమీ రాదు.

ఇట్లు,
మీ పాత ఖాతాదారులు

తా.క.: 491వ సారి సంగతి మార్జిన్‌లో పెన్సిలుతో రాసిపెట్టుకున్నారు. అదీ చూశాం.