వారోత్సవాలట, పుస్తకం మాత్రం ఇవ్వరట!

ఇప్పుడే ఇంటికొచ్చాను. మంచినీళ్లు తాగి, బ్యాగ్ కూడా పక్కన పెట్టకుండా ఇది రాస్తున్నాను. కాసేపాగితే చల్లబడిపోతాను, రేపటికి "పోనీలే" అనేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

సాయంత్రం మా ఊరి గ్రంథాలయానికి వెళ్లాను. చేతిలో తిరిగివ్వాల్సిన రెండు పుస్తకాలు, పక్కన మా చిన్నది. మూడో తరగతి చదువుతోంది. గేటు దగ్గరే పెద్ద ఫ్లెక్సీ: జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు, నవంబర్ 14 నుంచి 20 వరకు, అందరూ ఆహ్వానితులే. ఫ్లెక్సీ మీద పద్నాలుగు మొహాలు. లెక్కపెట్టాను. అందరూ మనకి నమస్కారం పెడుతున్నవాళ్లే, ఒక్కరి చేతిలోనూ పుస్తకం లేదు. లోపలికెళ్తే, పుస్తకాలిచ్చే బల్ల మీద తెల్ల కాగితం అంటించి ఉంది, స్కెచ్ పెన్నుతో రాసింది:

"వారోత్సవాల సందర్భంగా 20వ తేదీ వరకు పుస్తకాలు ఇవ్వబడవు, తీసుకోబడవు."

ఇంకోసారి చదవండి. నేను మూడుసార్లు చదివాను. ఏడాదంతా ఇస్తారు, గ్రంథాలయాల పండగ వచ్చిందని ఆపేశారు! పెళ్లి పందిట్లోకి పెళ్లికూతురు రాకూడదన్నట్టు.

"మరి నా గడువు ఇవాళ్టితో అయిపోతోంది, ఫైన్ పడుతుందా?" అనడిగాను. "పడుతుంది మేడమ్, సిస్టమ్ కదా" అన్నాడు అటెండర్. ఆ సిస్టమ్ ఏమిటనుకున్నారు? గళ్ల రిజిస్టరు. దారంతో కట్టిన పెన్ను.

సరే, వచ్చాం కదా, కాసేపు కూర్చుని పిల్లకి ఏదైనా చదివి వినిపిద్దాం అనుకున్నాను. కుర్చీలేవి? రీడింగ్ హాల్లో ఒక్క కుర్చీ లేదు. అన్నీ బయట షామియానా కింద వరసలుగా వేశారు. రోజూ అక్కడ గ్రూప్స్‌కి, కానిస్టేబుల్ పరీక్షలకి చదువుకునే పిల్లలు పదిహేను ఇరవై మంది ఉంటారు. పొద్దున తలుపు తీసేసరికే వచ్చి, తమ పుస్తకాలు, తమ నీళ్ల సీసాలు తామే తెచ్చుకుని, నోరెత్తకుండా చదువుకునే పిల్లలు. ఇవాళ వాళ్లంతా సైకిల్ స్టాండు అరుగు మీద, మోకాళ్ల మీద పుస్తకాలు పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ల నెత్తి మీదే మైకు గొట్టం. "హలో, హలో, మైక్ టెస్టింగ్, వన్ టూ త్రీ." ఒకబ్బాయి రెండు చెవుల్లో వేళ్లు పెట్టుకుని, పేజీ తిప్పాల్సి వచ్చినప్పుడు మోచేత్తో తిప్పుతున్నాడు. ఆ ఫోటో తీసి ఫ్లెక్సీ వేయండయ్యా, నేను డబ్బులిస్తాను.

ఈ మైకు టెస్టింగ్ చేసేవాళ్లకి వన్ టూ త్రీ తర్వాత అంకెలు రావా? ఇరవై నిమిషాలు అదే. పోనీ, అది వేరే గొడవ.

ముఖ్య అతిథి నాలుగింటికి రావాలి, ఐదున్నర దాటాక వచ్చారు. అప్పటిదాకా బడి పిల్లల్ని యూనిఫాంలతో కూర్చోబెట్టేశారు, మంచినీళ్లకి లేచినా కసురుతున్నారు. వచ్చాక శాలువాలు. శాలువా కప్పినవారికి మళ్లీ వీరు శాలువా. తర్వాత ఉపన్యాసం. సారాంశం మీకు నోటికొచ్చు, నేను చెప్పక్కర్లేదు: ఈ తరం సెల్‌ఫోన్‌కి బానిసైపోయింది, చిరిగిన చొక్కా అయినా తొడుక్కో, మంచి పుస్తకం కొనుక్కో. ఆ మాట అంటుండగానే ఆయన ఫోను మోగింది. ఎత్తారు. మైకు ముందే, "ఆ చెప్పు, మీటింగ్‌లో ఉన్నా, పర్లేదు చెప్పు" అన్నారు. ఊరంతా విన్నాం.

వీటన్నిటికీ నేను అలవాటు పడ్డదాన్నే. నిజంగా మండింది పుస్తక ప్రదర్శన దగ్గర.

హాల్లో గోడవారగా మెట్లు మెట్లుగా బల్లలు సర్ది, ఎర్ర గుడ్డ పరిచి, పుస్తకాలు పేర్చారు. ముందు తాడు కట్టారు, గుళ్లో క్యూ కట్టినట్టు. పైన చార్టు మీద మన గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్‌గారి ఐదు సూత్రాలు, అందమైన చేతిరాతతో. 1931లో ఆయన చెప్పిన మొదటి సూత్రం ఏమిటి? పుస్తకాలున్నది వాడుకోవడానికి. సరిగ్గా ఆ చార్టు కింద మా చిన్నది తాడు మీంచి వంగి, ఏనుగు బొమ్మ ఉన్న పుస్తకం మీద వేలు పెట్టింది. పెట్టిందంతే, తీయలేదు కూడా.

"ముట్టుకోకు పాపా! ప్రదర్శనకి పెట్టాం!"

అది చెయ్యి వెనక్కి లాక్కున్న తీరు చూడాలి, పొయ్యి మీద గిన్నె తగిలినట్టు. ఇంటికొచ్చేదాకా నాతో మాట్లాడలేదు. పాఠకుల సంఖ్య పడిపోతోందని పక్కనే ఇంకో చార్టు పెట్టారు. పడిపోదా మరి?

పోటీల గురించి కూడా చెప్పాలి. వ్యాసరచన అంశం "పుస్తక పఠనం ఆవశ్యకత". నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడూ ఇదే అంశం. పిల్లలు ఫోన్లో చూసి బట్టీపట్టి, ఒకే వ్యాసం నలభై మంది రాస్తారు. మహిళలకి ముగ్గుల పోటీ. ముగ్గులంటే నాకు ఇష్టమే, సంక్రాంతికి వాకిలి నిండా వేస్తాను. కానీ గ్రంథాలయానికొచ్చిన ఆడవాళ్లు నేల మీద వంగి చుక్కలు పెట్టాలని ఎవరికి తట్టిందో! ఆడవాళ్లు చదివి చర్చించుకునే సభ ఒకటి పెట్టొచ్చుగా? ఇక బహుమతులేమిటో చెప్పనా? మొదటిది స్టీలు లంచ్ బాక్స్. రెండోది ప్లాస్టిక్ లంచ్ బాక్స్. మూడోది నీళ్ల సీసా. గ్రంథాలయం వాళ్లు పిల్లలకి బహుమతిగా ఇవ్వడానికి ప్రపంచంలో ఇంకేమీ దొరకలేదు పాపం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఇంతసేపూ దాని చుట్టూనే తిరుగుతున్నాను.

రెండేళ్ల కింద నాన్న పోయాక, ఆయన పుస్తకాలు ఈ గ్రంథాలయానికే ఇచ్చాను. మూడు వందల పైచిలుకు. ఆయన బడిపంతులు, పెన్షన్ డబ్బుల్లోంచి కూడా కొన్నారు. ప్రతి పుస్తకం మొదటి పేజీలో కుడివైపు పైన తేదీ, కొన్న ఊరు, కింద చిన్న సంతకం. అమ్మ ఇవ్వొద్దంది. "ఇంట్లో చెదలు పట్టేకంటే పదిమంది చదివితే నాన్న సంతోషిస్తారమ్మా" అని నేనే ఒప్పించాను. ఇచ్చిన రోజు ఫోటో తీశారు, నాకూ ఒక శాలువా కప్పారు. ఆ శాలువా ఇప్పుడు కుట్టుమిషన్ మీద కప్పి ఉంది. ఏ బీరువాలో పెట్టారని ఎప్పుడడిగినా ఒకే జవాబు, "నంబర్లు వేయాలి మేడమ్, స్టాఫ్ లేరు." సరే, లేరు. నాకూ తెలుసు. ఆ లైబ్రేరియన్ మూడు ఊళ్లు చూసుకోవాలి, ఆవిడ మీద నాకు కోపం లేదు. ఉంది, కానీ సగమే.

ఇవాళ పిల్ల చెయ్యి లాక్కున్నప్పుడు బల్ల మీది ఎర్ర గుడ్డ కాస్త పక్కకి జరిగింది. మెట్లు మెట్లుగా అన్నానే, ఆ మెట్లు చెక్కవి కావు. పురికొసతో కట్టిన పుస్తకాల కట్టలు. ఒకదాని మీద ఒకటి పేర్చి, గుడ్డ కప్పి, వాటి మీద ప్రదర్శన పెట్టారు. మొదటి కట్ట పై పుస్తకానికి అట్ట లేదు, లోపలి పేజీ బయటికే ఉంది. కుడివైపు పైన తేదీ. కింద సంతకం.

"అమ్మా, తాతయ్య రాత" అంది మా చిన్నది. ఆ సంతకం చూసే అది 'శ' రాయడం నేర్చుకుంది.

వారోత్సవాల్లో మా నాన్న పుస్తకాలూ పాల్గొన్నాయండోయ్. స్టూళ్లుగా.

"ఆ కట్టలు నాకు వెనక్కిచ్చేయండి" అన్నాను. కుదరదట, విరాళంగా ఇచ్చాక అవి గ్రంథాలయం ఆస్తి అట. "అయితే కార్డు మీద ఒకటివ్వండి, చదివి తెచ్చిస్తాను" అన్నాను. అదీ కుదరదట, నంబరు వేయలేదు కాబట్టి అవింకా గ్రంథాలయం పుస్తకాలు కావట. ఇలాంటి తర్కం నాకే ఉంటే ఈపాటికి ఎమ్మెల్యేని అయ్యేదాన్ని.

డబ్బుల్లేవండీ, ఏం చేస్తాం, అంటారు. ఎందుకు లేవు? మీరూ నేనూ కట్టే ఇంటిపన్ను రసీదు తీసి చూడండి. అందులో గ్రంథాలయ సెస్సు అని ఒక గడి ఉంటుంది. పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం పెట్టిన సెస్సు. జీవితంలో ఒక్కసారీ గ్రంథాలయం గడప తొక్కనివాడు కూడా కడుతున్నాడు. దాన్ని మునిసిపాలిటీలు, పంచాయతీలు వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. వసూలు చేయడం వరకూ ఠంచనుగా జరుగుతుంది. జమ చేయడం దగ్గరికొచ్చేసరికి "బకాయి" అనే మాట పుడుతుంది. పేపర్లో ఏటా చదువుతూనే ఉంటాం, ఫలానా చోట సెస్సు బకాయిలు ఇన్ని కోట్లని. మనం కట్టడం ఆలస్యమైతే వడ్డీ వేస్తారు కదా, మరి వాళ్లు కట్టకపోతే ఎవరు వేస్తారు? ఇవాళ వేదిక మీద కూర్చున్నవాళ్లలో ఇద్దరు ఆ బకాయి కట్టాల్సిన వైపువాళ్లే. వాళ్లకే శాలువాలు కప్పారు. అడగాల్సిన నోటితోనే పొగడ్తలు!

అదే వేదిక మీద అయ్యంకి వెంకట రమణయ్యగారి ఫోటో. బంతిపూల దండ. 1914లో బెజవాడలో గ్రంథాలయాల సంఘం పెట్టి ఊరూరా తిరిగిన మనిషి. ఇంకొకాయన పాతూరి నాగభూషణంగారు. 1935లో కొల్లూరు నుంచి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపించిన బృందం ఆయనది. పడవలో! పొలం పనికెళ్లే వాళ్లు కాలువ గట్టు మీద నిలబడి పుస్తకం తీసుకునేవాళ్లు. అప్పుడు సెస్సు లేదు, చట్టం లేదు, ఫ్లెక్సీ అసలే లేదు. ఆ పడవవాళ్లు గానీ "వారోత్సవాల సందర్భంగా ఒడ్డుకి రాబడదు" అని బోర్డు పెట్టి ఉంటే మనకి గ్రంథాలయోద్యమం అనే మాటే ఉండేది కాదు. ఇవాళ అయ్యంకిగారి ఫోటోకి దండ వేసి, ఆ ఫోటో జారకుండా వెనక ఏం ఆనించారో మాత్రం నేను చూడలేదు. చూడాలని కూడా లేదు.

కింద కామెంట్లలో ఎవరో ఒకరు "పాజిటివ్‌గా ఆలోచించండి మేడమ్, కనీసం ఏదో చేస్తున్నారుగా" అంటారు. రండి, మీ నాన్న పుస్తకాల మీద ఎవరైనా పూలకుండీ పెట్టాక పాజిటివ్‌గా మాట్లాడుకుందాం.

ఏం చేయొచ్చో తెలియక కాదు. ఇదే గ్రంథాలయంలో ఓ వేసవిలో రిటైరైన టీచరుగారొకావిడ రోజూ సాయంత్రం వేపచెట్టు కింద చాప వేసి కథలు చెప్పేవారు. మైకు లేదు, అతిథి లేడు. కథ సగంలో ఆపి, "మిగతాది ఆ మూడో బీరువాలో ఉంది, వెతుక్కోండి" అనేవారు. పిల్లలు ఆ బీరువా మీద పడి కొట్టుకునేవాళ్లు. మా పెద్దవాడికి చదవడం అంటుకున్నది అక్కడే. మరుసటి వేసవి ఆవిడని రమ్మని అడిగినవాళ్లు లేరు. బడ్జెట్ లేదట. చాపకి బడ్జెట్!

20న ముగింపు సభ. చెప్పడం మర్చిపోయాను, మా పెద్దవాడికి వ్యాసరచనలో మూడో బహుమతి వచ్చిందని ఇందాకే ఫోన్ చేశారు. నీళ్ల సీసా. తప్పకుండా వెళ్తాం. సభ అయిపోయాక బల్లల మీది గుడ్డ తీస్తారు కదా, అప్పటిదాకా కదలను. ఆటో అబ్బాయికి కూడా చెప్పి ఉంచాను, ఆరింటికల్లా గేటు దగ్గరుండమని. మన ఊరివాళ్లెవరైనా ఇది చదువుతుంటే రండి, కట్టలు మోయడానికి ఇంకో నాలుగు చేతులు కావాలి. అమ్మకి ఇంకా చెప్పలేదు.