ఆకుపచ్చ గడుల చదువు

క్యాంపస్ ఇంటర్వ్యూలు దగ్గరపడితే చాలు, ప్రోగ్రాముల కోడ్ పంచుకునే గిట్‌హబ్ వెబ్‌సైట్‌లో, పని పంపిన రోజుల్లో రంగు పడే ఆకుపచ్చ గడులు నింపుకోమని ఇంజినీరింగ్ విద్యార్థులకు సలహాలు మొదలవుతాయి. ఎవరైనా చూసి, మార్చి, వాడుకోగల ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ఎందుకు పనిచేయాలో చెప్పేవారు తక్కువ. ఎన్నిసార్లు చేసినట్టు కనిపించాలో చెప్పేవారే ఎక్కువ. ఈ లెక్కల పిచ్చి ఇప్పటికే చాలా చెరుపు చేసింది.

2020 అక్టోబరు గొడవే చూడండి. ఓపెన్ సోర్స్‌ను ప్రోత్సహించే హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో నాలుగు పుల్ రిక్వెస్టులకు (ప్రాజెక్టులో చేర్చుకోమని పంపే మార్పులకు) ఒక టీషర్ట్ అన్నారు. ప్రాజెక్టు పరిచయం ఉండే రీడ్‌మీ ఫైల్లో ఒక పదం అటూ ఇటూ మార్చి పంపినవాళ్లతో ప్రాజెక్టులు నిండిపోయాయి. హాక్టోబర్‌ఫెస్ట్ నిర్వాహకులు ఆ నెల మొదట్లోనే నిబంధనలు మార్చుకోవాల్సి వచ్చింది. అయినా బుద్ధి రాలేదు. 2024 ఆరంభంలో, వెబ్‌సైట్ల తయారీలో వాడే ఎక్స్‌ప్రెస్ ప్రాజెక్టుదీ అదే గతి. యూట్యూబ్‌లో ఒక పాఠం చూసి, దాని రీడ్‌మీలో తమ పేర్లు చేర్చి పంపారు. వారిలో మన దేశ విద్యార్థులు పెద్దసంఖ్యలో ఉండటం సిగ్గుచేటు. ఆ చెత్తంతా తీసేయాల్సింది ఎవరు? చాలా ప్రాజెక్టుల్లో జీతం లేకుండా, ఉద్యోగం ముగిశాక రాత్రిపూట కూర్చునే మనిషి.

సిఫార్సు లేని ఊళ్ల పిల్లలకు పనితనం చూపించుకునే దారి ఇదే కదా అనేవారున్నారు. నిజమే, ఉద్యోగం కోసం చేయడం తప్పు కాదు. తప్పు లెక్కలో ఉంది.

లెక్కే కొలబద్ద అయితే ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ లైబ్రరీ ఉదంతాన్ని ఏమనాలి? జియా టాన్ పేరుతో వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపికగా ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపాడు. అలసిపోయిన నిర్వాహకుడి నమ్మకం సంపాదించాడు. చివరికి 2024లో ఆ లైబ్రరీలో దొంగదారి పెట్టాడు. గడులు చూసి మార్కులేస్తే అతడే ఆదర్శ సేవకుడు! ఆ దొంగదారిని పట్టుకున్న ఇంజినీరు ఆండ్రెస్ ఫ్రోయిండ్ చేసిందేమిటి? దూరంలోని సర్వర్‌లోకి వెళ్లే ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం ఎందుకవుతోందని ఆరా తీశాడు. ఎన్నో సర్వర్లను కాపాడిన ఆ కుతూహలానికి ఏ గడిలో రంగు వేస్తారు?

1991లో లైనస్ టోర్వాల్డ్స్ తన లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ప్రకటిస్తూ, ఇది కేవలం హాబీ అన్నాడు. కంప్యూటర్ తెలుగులో మాట్లాడాలన్న పట్టుదలతో ‘స్వేచ్ఛ’ అనే సంస్థ వలంటీర్లు ఏళ్లపాటు అనువాదాలు చేశారు. తన అవసరం, తన భాష మీద ప్రేమ, నేర్చుకోవాలన్న ఆశ, సాటివారి మెప్పు కూడా: మనిషిని ఈ పనికి కూర్చోబెట్టేవి ఇవి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, పంపే ముందు తన కోడ్‌ను తానొకసారి పరీక్షించుకుంటాడు. గడి కోసం వచ్చినవాడికి ఆ అవసరమే లేదు.

పిల్లలను తిట్టి ఊరుకోవడం అన్యాయం. పోటీ పెట్టింది పెద్దలే. గిట్‌హబ్ లింకు అడిగే కంపెనీలూ, దానికి టార్గెట్లు పెట్టే ప్లేస్‌మెంట్ సెల్‌లూ జవాబు చెప్పాలి: విద్యార్థి పంపిన ఒక్క ప్యాచ్ అయినా తెరిచి చదివారా? చదివే తీరిక లేకపోతే ఆ లింకు అడగడం మానేయండి.